అల్మరా తలుపు తెరుచుకున్నాక

(ఫిలిం సొసైటీలో ఇంగ్మార్ బెర్గ్‌మన్ సినిమా ‘త్రూ ఎ గ్లాస్ డార్క్‌లీ’ ప్రదర్శన తరవాత చేసిన ప్రసంగ పాఠం)

నమస్కారం. గంటన్నర సినిమా చూసి నడుము చాచుకుందాం అనుకునే వేళకి ఒకడు మైకు పట్టుకుని నిలబడితే ఎంత విసుగో నాకు తెలుసు. అందుకని కథ మళ్లీ చెప్పను, ఇప్పుడే చూశారు. ఈ సినిమా గురించి నాకు చెప్పాలని ఉన్నది ఒక్కటే. అది ముందే చెప్పేస్తాను, లేవాలనుకున్నవాళ్లు హాయిగా లేవొచ్చు.

దీన్ని అందరూ దేవుడి గురించిన సినిమా అంటారు. పుస్తకాల్లోనూ అలాగే ఉంటుంది. దేవుడి మౌనం మీద స్వీడన్ దర్శకుడు బెర్గ్‌మన్ తీసిన మూడు సినిమాల్లో మొదటిదని రాస్తారు. నా మటుకు ఇది ఒక తండ్రి గురించిన సినిమా. చివర్లో కూతురు కరీన్‌కి అల్మరాలోంచి సాలీడు రూపంలో దేవుడు కనిపిస్తాడు కదా, ఆ సాలీడు కళ్లు మనం అంతకు ముందే ఒకసారి చూశాం. ఎక్కడ చూశామో గుర్తు చేయడమే ఇవాళ నా పని.

వివరాలు గబగబా చెప్పుకుని ముందుకెళ్దాం. 1960లో తీశారు, 1961 అక్టోబరులో స్వీడన్‌లో విడుదలైంది. అదే ఏడాది బెర్గ్‌మన్ ఇంకో సినిమా ‘ది వర్జిన్ స్ప్రింగ్’కి ఉత్తమ విదేశీ భాషా చిత్రంగా ఆస్కార్ వచ్చింది, వెంటనే మరుసటి ఏడు దీనికి. కథలో మనుషులు నలుగురే. రచయిత డేవిడ్, మానసిక జబ్బుతో ఉన్న ఆయన కూతురు కరీన్, కరీన్ భర్త డాక్టర్ మార్టిన్, పదిహేడేళ్ల తమ్ముడు మీనస్. ఒక సాయంత్రం మొదలై మర్నాటి సాయంత్రానికి అయిపోతుంది. నాటకకర్త స్ట్రిండ్‌బర్గ్ ‘చాంబర్’ నాటకాలని రాసేవాడు. నలుగురిని ఒక గదిలో పెట్టి తలుపేసి, ఎవరు ముందు నోరు జారతారో చూడటం ఆ నాటకాల పద్ధతి. బెర్గ్‌మన్ గదికి బదులు దీవిలో పెట్టాడు.

దీవి అంటే గుర్తొచ్చింది. బెర్గ్‌మన్ మొదట స్కాట్లాండ్‌కి పైన ఉండే ఆర్క్నీ దీవుల్లో తీద్దామనుకున్నాడు. అంత ఖర్చు ఎందుకని నిర్మాణ సంస్థవాళ్లు బాల్టిక్ సముద్రంలో గోట్లాండ్ పక్కనున్న ఫోరో దీవిని ఓసారి చూడమన్నారు. వెళ్లి చూశాడు, మనసు పారేసుకున్నాడు. తరవాత అక్కడే ఇల్లు కట్టుకున్నాడు, 2007లో అక్కడే కన్నుమూశాడు. నిర్మాతల పొదుపు వల్ల ఒక దర్శకుడికి శాశ్వత చిరునామా దొరకడం నేను వేరే ఎక్కడా వినలేదు.

ఛాయాగ్రాహకుడు స్వెన్ నిక్విస్ట్ పేరు చెప్పకుండా దాటలేను. ఆ దేశంలో వేసవి రాత్రి పూర్తిగా చీకటి పడదు. రాత్రంతా ఒక బూడిదరంగు వెలుతురు ఉంటుంది. సినిమా అంతా ఆ వెలుతురులో నడుస్తుంది. మన సినిమాల్లో పిచ్చి పట్టిన సీనంటే మెరుపులు, నీడలు, కెమెరా గిరగిరా తిరగడం. ఇక్కడ ఏమీ ఉండదు. దాక్కుందామన్నా ఎవరికీ చీకటి దొరకదు, అంతే. సంగీతం కూడా పొదుపే. జర్మన్ సంగీతకర్త బాఖ్ చెల్లో వాయిద్యానికి రాసిన సూట్లలో రెండోదాంట్లోంచి ఒక ముక్క, అదీ కొద్దిసార్లే. మిగతాదంతా గాలి, నీళ్లు, పక్షులు, ఓడలకి దారి చెప్పే హారన్ మోత.

ఇక విషయానికొద్దాం. భోజనాల సీను గుర్తుందా? నలుగురూ సముద్రస్నానం చేసి నవ్వుకుంటూ వస్తారు. ఆరుబయట బల్ల వేసుకుని తింటారు. డేవిడ్ స్విట్జర్లాండ్ నుంచి వచ్చి ఎంతో కాలం కాలేదు. ఇంక మాతోనే ఉంటాడని పిల్లలు ఆశపడుతుంటారు. ఆయన తింటూ తింటూ, మళ్లీ యుగోస్లావియా వెళ్తున్నానని చెప్తాడు. బల్ల దగ్గర ఎవరికీ మాట రాదు. ఆ ఇబ్బందిని కప్పడానికి బహుమతులు బయటికి తీస్తాడు. కూతురికి చేతి తొడుగులు తెచ్చాడు, అవి ఆమె చేతికి పట్టవు. అయినా ఎంత బాగున్నాయో అంటుంది. కూతురి చెయ్యి ఎంతుంటుందో తెలియని తండ్రి అని సినిమా నోటితో చెప్పదు. ఆ తొడుగులు చూపించి ఊరుకుంటుంది.

ఆ వెంటనే డేవిడ్ పొగాకు తెచ్చుకుంటానని లోపలికి వెళ్లి, ఒంటరిగా నిలబడి, కిటికీ దగ్గర రెండు చేతులూ చాపి వెక్కి వెక్కి ఏడుస్తాడు. ఆ భంగిమ చూసి శిలువ అని విమర్శకులు రాశారు. అది సరే. నాకు ముఖ్యమనిపించింది ఆయన కళ్లు తుడుచుకుని, మొహం సర్దుకుని మళ్లీ వచ్చి కూర్చోవడం. ఆ ఏడుపు పిల్లల ముందు ఏడ్చుంటే కథ ఇంకోలా ఉండేది. ఈయనకి బాధ లేక కాదు. ఆ బాధని పంచుకోవడం చేతకాదు, రాసుకోవడం మాత్రం వచ్చు.

తరవాత మీనస్ రాసిన చిన్న నాటకం వేస్తారు. ఒక రాకుమారి కళాకారుణ్ణి తనతో పాటు మృత్యువులోకి రమ్మంటుంది. వాడు సరేనంటాడు, తీరా గుమ్మం దగ్గరికొచ్చాక వెనక్కి తగ్గి, ఇంటికెళ్లి దీని మీద కవిత రాసుకుంటే పోలా అనుకుంటాడు. డేవిడ్ చప్పట్లు కొడతాడు కాని మొహం మాడిపోతుంది. పదిహేడేళ్ల కుర్రాడు తండ్రిని నాలుగు ముక్కల్లో తేల్చేశాడు. సరదాగా కనిపించే ఆ సీను తెలిసే పెట్టాడు బెర్గ్‌మన్. గంటసేపట్లో జరగబోయేదంతా అందులోనే ఉంది.

ఇప్పుడు డైరీ. ఈ సినిమాకి గుండెకాయ ఇదే, కాబట్టి కాస్త ఆగుతాను.

తెల్లవారుజామున కరీన్‌కి మెలకువ వస్తుంది. ఎలక్ట్రిక్ షాక్ ట్రీట్‌మెంట్ తరవాత చెవులు మరీ పదునెక్కాయని ముందే చెప్పింది కదా. పై అంతస్తులో, వాల్‌పేపర్ చిరిగిపోయిన ఖాళీ గదిలోకి వెళ్లి గోడకి చెవి ఆనించి గొంతులు వింటుంది. ఆ తరవాత తండ్రి గదికి వస్తుంది. ఆయన రాత్రంతా కూర్చుని నవల దిద్దుకుంటున్నాడు. కూతుర్ని చిన్నపిల్లలా ఎత్తుకుని మంచం మీద పడుకోబెట్టి దుప్పటి కప్పుతాడు. సినిమా మొత్తం మీద ఆయన తండ్రిలా కనిపించేది అక్కడే. ఇంతలో మీనస్ వలలు తీయడానికి పిలుస్తాడు, ఆయన వెళ్లిపోతాడు. కరీన్ లేచి సొరుగు తీసి డైరీ చదువుతుంది. అందులో ఏముంది? ఆమె జబ్బు నయం కాదని ఉంది. అది ఒక దెబ్బ. రెండో దెబ్బ దానికింద ఉంది. కూతురు మెల్లమెల్లగా శిథిలమవుతుంటే ఆ క్రమాన్ని గమనించి రాసుకోవాలని తనకి కుతూహలంగా ఉందనీ, దాన్ని వాడుకోవాలని ఉందనీ, ఆ కుతూహలం చూసి తనకే భయం వేస్తోందనీ రాసుకున్నాడు.

కాసేపటి కిందట దుప్పటి కప్పిన చేయి రాసిన అక్షరాలవి. ఆ కప్పడమూ అబద్ధం కాదు, ఈ రాతా అబద్ధం కాదు. రెండూ ఒకే మనిషివి. రచయితలు, జర్నలిస్టులు, ఇక్కడ కూర్చున్న డాక్యుమెంటరీ కుర్రాళ్లు, అందరికీ ఈ జబ్బు కొంత ఉంటుంది. ఇంట్లో చావు జరిగినప్పుడు కూడా బుర్రలో ఓ మూల ఎవడో నోట్సు రాసుకుంటూ ఉంటాడు. తేడా ఎక్కడొస్తుందంటే, ఇక్కడ ఆ నోట్సుని దాని సబ్జెక్టే చదివేసింది.

కరీన్ తల్లికి కూడా కూతురికున్న మానసిక జబ్బే. తల్లి మంచాన పడ్డప్పుడు కూడా తన పుస్తకాలు తనకి ముఖ్యమయ్యాయని, పిల్లల్ని వదిలేసి పోయానని, పాడుబడ్డ ఓడలో కూర్చున్నప్పుడు డేవిడే కూతురితో ఒప్పుకుంటాడు. అంటే ఆయన చూపు ఇవాళ్టిది కాదు. దూరంగా కూర్చుని, మనుషులు పడే బాధని ప్రశాంతంగా చూసే చూపు.

మార్టిన్ సంగతి. మాక్స్ వాన్ సిడో వేసిన ఈ పాత్ర మీద నాకు కోపం రాదు, జాలి కూడా పూర్తిగా రాదు. పడవలో మామగారిని నిలదీసి, నీకు జీవితం గురించి ఓనమాలు రావని మొహం మీద అంటాడు. బాగా అన్నాడు. మరి తనేం చేస్తున్నాడు? భార్యని ప్రేమిస్తున్నానంటాడు, అది నిజం కూడా. కాని ఆమె ఏ మాట చెప్పినా పేషెంటు చెప్పినట్టే వింటాడు. ఆమె దేవుడి కోసం ఎదురుచూస్తుంటే ఓర్పుగా బుజ్జగిస్తాడు. చివరికి ఇంజెక్షన్ ఇస్తాడు. ఇవ్వక ఏం చేస్తాడని డాక్టర్లు అడగొచ్చు. ఇవ్వాల్సిందే, ఆ క్షణంలో అది దయ కూడా. 1952లో పారిస్‌లో మానసిక రోగులకి క్లోర్‌ప్రొమజైన్ అనే మందు వాడటం మొదలైంది. ఈ సినిమా తీసేనాటికి యూరప్ ఆసుపత్రుల్లో కొత్త మందులు, పాత షాకులు రెండూ నడుస్తున్నాయి. బెర్గ్‌మన్ వైద్యాన్ని విలన్ని చేయలేదు. నాకు అది నచ్చింది. మందు ఇచ్చే మనిషికి వినే ఓపిక వేరే కావాలని మాత్రం చూపించాడు.

మీనస్ ఒక్కడే ఆమె చెప్పేది వింటాడు. పై గదిలో ఎవరెవరో వెలుగు నిండిన మొహాలతో ఎదురుచూస్తుంటారనీ, తలుపు తెరుచుకుని దేవుడు వస్తాడనీ కరీన్ చెప్పేది వాడికే. వాడు భయపడతాడు, నమ్మలేడు, వదల్లేడు. ఓడలో అక్కాతమ్ముళ్ల మధ్య ఏం జరిగిందో సినిమా చూపించదు, దాచిపెట్టదు కూడా. దాని మీద నేను ఎక్కువ మాట్లాడను. ఒక్కటి మాత్రం చూడండి. ఆ ఇంట్లో ఆమె బరువంతా మోయాల్సి వచ్చింది వయసులో అందరికన్నా చిన్నవాడు. పెద్దవాళ్లిద్దరూ అప్పటికి పడవెక్కి వెళ్లారు.

ఇప్పుడు ఆ అల్మరా. కరీన్‌ని ఆసుపత్రికి తీసుకెళ్లడానికి వచ్చిన హెలికాప్టర్ కిటికీ పక్కగా దిగుతుంది, ఆ అదురుకి అల్మరా తలుపు తనంతట తాను తెరుచుకుంటుంది. కరీన్ మోకాళ్ల మీదుంది, దేవుడొస్తున్నాడని. ఆ తరవాత ఆ కేకలు. మందు పని చేశాక నెమ్మదిగా చెప్తుంది. తలుపు తెరుచుకుంది, వచ్చింది సాలీడు, దాని మొహం రాయిలా ఉంది, తన మీదికి పాకి లోపలికి చొరబడాలని చూసింది, తను ఒప్పుకోలేదు. దాని కళ్లు మాత్రం చల్లగా, ప్రశాంతంగా ఉన్నాయి.

చల్లగా, ప్రశాంతంగా. డైరీ రాసిన కళ్లు గుర్తొస్తున్నాయా? చొరబడి, వాడుకోవాలని చూసి, కుదరకపోతే మొహం మీదుగా పాకి గోడెక్కి పోయే కళ్లు. సినిమాలో ఆ సాలీడు మనకి కనబడదు. కరీన్‌గా వేసిన హారియెట్ ఆండర్సన్ మొహం మాత్రమే కనబడుతుంది. నాకు తెలిసి తెరమీద ఏ నటీ అంత భయాన్ని అంత నమ్మకంగా చూపించలేదు. బైబిల్లో పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలోంచి తీసుకున్న పేరు ఈ సినిమాది. గుంటూరు వైపు చర్చికెళ్లే ఇళ్లలో చాలామందికి నోటికొచ్చు: ఇప్పుడు అద్దములో చూచినట్టు సూచనగా చూచుచున్నాము, అప్పుడు ముఖాముఖిగా చూతుము. పౌలు ఆ ముఖాముఖిని పెద్ద ఆశగా చెప్పాడు. కరీన్‌కి ఆ ఆశ తీరింది, దేవుణ్ణి చూశానంటుంది. చూసింది ఆ మొహం.

ఈ తండ్రి వాదన నా బుర్రలోంచి ఊడిపడలేదు. బెర్గ్‌మన్ తండ్రి ఎరిక్ బెర్గ్‌మన్ లూథరన్ పాస్టరు. ఇంట్లో దేవుడూ తండ్రీ ఒకే గొంతుతో మాట్లాడేవారన్నమాట. 1987లో వచ్చిన తన ఆత్మకథలో బెర్గ్‌మన్ చిన్నప్పటి శిక్షల గురించి రాశాడు. తప్పు చేసిన పిల్లాణ్ణి అల్మరాలో పెట్టి తలుపేసేవారు. అందులో ఒక చిన్న జీవి ఉంటుందని, చెడ్డపిల్లల కాలివేళ్లు కొరుకుతుందని భయపెట్టేవారు. చీకట్లో ఆ జీవి కదిలినట్టు పిల్లాడికి వినిపించేది కూడా. తరవాత వాడు ఒక టార్చిలైటు అందులో దాచిపెట్టుకుని, గోడ మీద వెలుగు వేసుకుని, సినిమాకొచ్చాననుకునేవాడు. నలభై దాటిన ఆ పిల్లాడు ఒక దీవికి వెళ్లి, ఒక గది వెతికి, అందులో అల్మరా పెట్టి, తలుపు తెరిచి, దేవుణ్ణి సాలీడుగా బయటికి రప్పించాడు. నేను ఇంతకంటే వివరించను.

మన దగ్గర ఈ సినిమా వేసినప్పుడల్లా ఒకరు లేచి అడిగే ప్రశ్న ఉంటుంది. ఇదే మన ఊళ్లో అయితే అమ్మవారు పూనిందనేవాళ్లు కదా, అప్పుడు ఆమెకి ఈ గతి పట్టేది కాదు కదా అని. ఇవాళ అడగకముందే చెప్తాను. సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి బోనాల మర్నాడు రంగం జరుగుతుంది. ఒక స్త్రీ పచ్చికుండ మీద నిలబడి భవిష్యవాణి చెప్తుంది, జనం చేతులు జోడించి వింటారు. కాని రంగానికి ఒక రోజుంది, ఒక వేళుంది, ఒక ముగింపుంది. కరీన్ వినే గొంతులకి వేళాపాళా లేదు, మర్నాడు మామూలైపోవడం లేదు. రెంటినీ ఒకే గాట కట్టడం ఇద్దరికీ అన్యాయమే. ఇంకొకటి, మన భక్తి మానసిక రోగుల్ని ఎప్పుడూ నెత్తిన పెట్టుకోలేదు. తమిళనాడు ఎర్వాడిలో 2001 ఆగస్టు 6న ఒక పాకకి నిప్పంటుకుంది. దర్గా మహిమతో నయమవుతుందని కుటుంబాలు తెచ్చి వదిలిన రోగులు గొలుసులతో కట్టేసి ఉన్నారు, పారిపోలేక 28 మంది కాలి చనిపోయారు. అక్కడా నమ్మకం ఉంది, కుటుంబమూ ఉంది. స్వీడన్ కన్నా మనం మెరుగని చెప్పుకోవడానికి నాకు నోరు రాదు.

అయితే ఆ ప్రశ్నలో ఒక నిజం ఉంది. రంగంలో ఆమె మాట వినడానికి జనం ఉన్నారు. కరీన్‌కి ఉన్నది ముగ్గురు. ఒకరు రాసుకున్నారు, ఒకరు మందిచ్చారు, ఒకడు హడలిపోయాడు.

ఇక ముగింపు. దీని మీద అరవై ఏళ్లుగా గొడవే. కరీన్ నల్లకళ్లద్దాలు పెట్టుకుని హెలికాప్టర్ ఎక్కి వెళ్లిపోయింది. తనే అడిగి ఆసుపత్రికి వెళ్తోంది, రెండు లోకాల మధ్య తిరగలేనని చెప్పి. ఆ నిర్ణయం తీసుకున్నది ఆమే, అది మరిచిపోతుంటాం. ఇంట్లో తండ్రీకొడుకులు మిగిలారు. నేనిలా బతకలేను, దేవుడున్నాడనడానికి ఏదైనా రుజువు ఇవ్వు అంటాడు మీనస్. ప్రేమ అనేది నిజంగా ఉంది, దేవుడంటే అదే కావచ్చు అంటాడు డేవిడ్. అయితే మనం అక్కని ప్రేమిస్తున్నాం కాబట్టి ఆమె చుట్టూ దేవుడున్నట్టేనా అని అడుగుతాడు కొడుకు. అవునంటాడు తండ్రి. తండ్రి వెళ్లాక కుర్రాడు మొహం వెలిగిపోయి, నాన్న నాతో మాట్లాడాడు అంటాడు. సినిమా అయిపోతుంది.

తన సినిమాల గురించి తరవాత రాసుకున్న పుస్తకంలో బెర్గ్‌మన్ ఈ చివరి సీను అతికించినట్టుందని తనే తప్పుపట్టాడు. ఆ సమయంలో పియానో కళాకారిణి కేబీ లారెటైని కొత్తగా పెళ్లి చేసుకున్నాడు, సినిమా ఆమెకే అంకితం. ప్రేమే దేవుడని నమ్మాలని మనసు పడ్డ రోజులవి. వేదాంతంగా చూస్తే ఆ సీను పలచనే, ఒప్పుకుంటాను. కాని ఒక ఇంటి కథగా చూడండి. ఆమె చుట్టూ ఉన్న ప్రేమ ఏం చేసిందో మనం గంటన్నరసేపు చూశాం. ఆ ప్రేమే దేవుడైతే, సాలీడు గురించి ఆమె చెప్పింది అక్షరాలా నిజం. తండ్రి కొడుకుతో ఒక్కసారి మనసిచ్చి మాట్లాడటానికి కూతురు ఇల్లు వదిలి పోవాల్సి వచ్చింది. అదీ దేని గురించి మాట్లాడాడు? కూతురి గురించే. ఆయనకి మళ్లీ ఒక విషయం దొరికింది. ఆ కుర్రాడి సంతోషం నిజం, నేను కాదనను. దాని ఖరీదు ఎవరు కట్టారో సినిమాకి తెలుసు, డేవిడ్‌కి తెలుసో లేదో నాకు అనుమానం.

వచ్చే నెల మనం వేయబోయేది 1963లో వచ్చిన ‘వింటర్ లైట్’. అందులో నమ్మకం పోగొట్టుకున్న పాస్టరు పాత్ర ఎవరు వేశారో తెలుసా? ఇక్కడ డేవిడ్‌గా వేసిన గున్నార్ బ్యోర్న్‌స్ట్రాండే. ఇక్కడ తండ్రిగా ఉన్నవాడికి అక్కడ పాస్టరు అంగీ తొడిగాడు బెర్గ్‌మన్. దేవుడే ప్రేమ, ప్రేమే దేవుడు అనే మాట అందులో మళ్లీ వస్తుంది. చర్చిలో ఆర్గాన్ వాయించే బ్లోమ్ అనేవాడు ఆ మాటని పాస్టరు గొంతుతో వెక్కిరించి చెప్తాడు. ఆ వెక్కిరింత వినేటప్పుడు ఇవాళ్టి చివరి సీను గుర్తుంచుకోండి. అప్పుడు కూడా నాతో వాదనకి దిగాలనిపిస్తే వచ్చే నెల ముందు వరసలోనే కూర్చుంటాను. ప్రశ్నలుంటే ఇప్పుడు అడగండి.